ప్లీడరీ పోషించిన నాటకం: బళ్లారి రాఘవ, ఆయన కాలం

1936లో ద్రౌపది కథ మీద రెండు తెలుగు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. మొదటిది బాగా ఆడింది. రెండోది దెబ్బతింది. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఈ పోటీ గురించి తప్పకుండా రాస్తారు కానీ, ఓడిన సినిమాలోని ఒక విశేషాన్ని పెద్దగా పట్టించుకోరు. అందులో దుర్యోధనుడూ వకీలే, కృష్ణుడూ వకీలే. కౌరవ సభలో రెండు పక్షాలకూ ప్లీడర్లే దొరికారని అప్పట్లో ఎవరైనా జోకు వేసుకున్నా ఆశ్చర్యం లేదు.

ఇది కాకతాళీయం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి దాదాపు అరవై ఏళ్ల పాటు తెలుగు నాటకాన్ని రాసినవాళ్లలో, ఆడినవాళ్లలో, నాటక సభలు పెట్టి నడిపినవాళ్లలో వకీళ్లు చాలామంది. బళ్లారిలో అయితే మరీనూ. నాటకానికి పెట్టుబడి, తీరిక, మర్యాద మూడూ ఆ వృత్తి నుంచే వచ్చాయి. ఆ మూడింటితో పాటు కొన్ని చిక్కులూ వచ్చాయి. రాఘవ జీవితం చూస్తే రెండూ కనిపిస్తాయి.

బళ్లారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కేంద్రం. కంటోన్మెంటు ఉండేది, జిల్లా కోర్టు ఉండేది. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపించేవి. కోర్టు ఉన్నచోట ప్లీడర్లు చేరతారు, ప్లీడర్లు చేరినచోట నాలుగు డబ్బులూ, సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునే క్లబ్బులూ చేరతాయి. అక్కడ ప్లీడరీ చేస్తున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1880లలో సరసవినోదిని సభ పెట్టారు. 'చిత్రనళీయం', 'విషాద సారంగధర', 'ప్రహ్లాద' లాంటి నాటకాలు రాసి ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నారు. సంస్కృత నాటక మర్యాదలో మంగళంతోనే ముగియాల్సిన కథను విషాదంతో ముగించడానికి తెగించిన మనిషి ఆయన. అదే ఊళ్లో మరో ప్లీడరు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు, చారిత్రక నాటకాలకు పేరుపడ్డారు. ఒకే బార్‌లో ఇద్దరు వకీళ్లు, రెండు సభలు, పగలు ఒకే కోర్టు. రాత్రి పోటీ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

బళ్లారి ప్రభావం తెలుగుకే పరిమితం కాలేదు. ధర్మవరం వారి బృందం మద్రాసులో ఇచ్చిన ప్రదర్శనలు చూసిన తమిళ యువకుడు పమ్మల్ సంబంధ ముదలియార్, పెద్దమనుషులు కూడా నాటకం ఆడొచ్చన్న ధైర్యంతో 1891లో సుగుణ విలాస సభ స్థాపించారు. ఆయనా తర్వాత లా చదివి వకీలయ్యారు, మద్రాసు స్మాల్ కాజెస్ కోర్టులో జడ్జి కూడా అయ్యారు. తమిళంలో ఆయన రాసిన 'మనోహర'ను 1954లో సినిమాగా తీసినప్పుడు తెలుగు ప్రేక్షకులూ చూశారు. ఇదంతా ఒక బళ్లారి ప్లీడరు వేసిన విత్తనమే.

మరి వకీళ్లే ఎందుకు? డాక్టర్లు, మాస్టర్లు, తాలూకాఫీసు గుమాస్తాలు కూడా అప్పుడు ఇంగ్లీషు చదువుకున్నవాళ్లే కదా. కోర్టులో వాదించడమూ ఒక రకం నటనే కాబట్టి అని చాలామంది సులువుగా తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది గానీ దాంతో పెద్దగా ఏమీ తేలదు. వాక్చాతుర్యం హరికథకుల్లోనూ ఉంది, పురాణం చెప్పేవారిలోనూ ఉంది. అసలు కారణాలు ఇంకా నేలబారువి. గుమాస్తాకు పైన అధికారి ఉంటాడు. రాత్రంతా రంగు పూసుకుని పొద్దున ఆఫీసులో కునుకు తీస్తే ఊరుకోడు. మాస్టరు దుశ్శాసనుడి వేషం కడితే మర్నాడు క్లాసులో పిల్లలు నవ్వుతారు. ప్లీడరుకు యజమాని లేడు. ఏ కేసు తీసుకోవాలో, ఏ వారం ఊళ్లో ఉండాలో తనే తేల్చుకుంటాడు, వాయిదా అడగడం ఎలాగూ వచ్చు. వేసవిలో సివిల్ కోర్టులు మూతబడతాయి. నాటకాలకు ఆ నెలే అనువైన కాలం.

మర్యాద సంగతి మరీ ముఖ్యం. నాటకమే బతుకుగా ఉన్నవాళ్లు అప్పటికే ఉన్నారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటులు, ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవారు. నైపుణ్యంలో వాళ్లకు వంక పెట్టడానికి లేదు. కానీ డబ్బు కోసం ఆడేవాళ్లన్న చిన్నచూపును వాళ్లు చాలాకాలం మోశారు. వకీలు వేషం కడితే అది కళాసేవ, సురభి నటుడు కడితే పొట్టకూడు. తెలుగు నాటక చరిత్రలో ఈ ఎక్కువతక్కువల గీత ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు. పుస్తకాల్లో సభల వాళ్లకు దక్కిన పేజీలతో సురభి వాళ్లకు దక్కినవి పోల్చితే తెలుస్తుంది.

రాఘవ ఈ వాతావరణంలోనే పెరిగారు. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. తండ్రి నరసింహాచార్యులు బళ్లారి హైస్కూల్లో తెలుగు పండితులు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు స్వయానా మేనమామ. అంటే నాటకమూ ప్లీడరీ రెండూ మేనమామ ఇంటి నుంచి వచ్చినవే. కుర్రతనంలోనే బళ్లారిలో షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడారు. ఆ తర్వాతే మద్రాసులో బి.ఎల్. చదివి, మేనమామ దగ్గర జూనియరుగా చేరి, క్రిమినల్ లాయరుగా నిలదొక్కుకున్నారు. ఈ వరుస గుర్తుంచుకోవాలి. ఆయన వకీలై సరదాకి నాటకాల్లోకి దిగలేదు. నటుడిగా మొదలై, నటుడిగా ఉండటానికి వీలిచ్చే వృత్తిని చేపట్టారు. దాన్ని సరదాగానూ చేయలేదు. బాగా సంపాదించారు, ప్రభుత్వం పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించింది, రావుబహదూర్ బిరుదు కూడా ఇచ్చింది.

ఆ సంపాదన రంగస్థలం మీద ఏం చేసిందో తెలియాలంటే అప్పటి నాటకం ఎలా ఉండేదో తెలియాలి. పద్యం ఉంటే రాగం తీయాలి, రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అనాలి. యుద్ధంలో చచ్చి పడిపోయిన వీరుడు కూడా జనం అడిగితే లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేవాడని చెప్పుకునే రోజులు. కంట్రాక్టరు టిక్కెట్లు అమ్మేది ఆ గొంతు చూపించే. దాని మీద బతికే నటుడు రాగాన్ని తగ్గించుకోలేడు, తగ్గిస్తే మర్నాడు పిలుపు రాదు. రాఘవ గాయకుడు కాదు, కావాలనీ అనుకోలేదు. పద్యాన్ని మాటలా, అర్థానికి తగిన విరుపులతో చెప్పేవారు. మాట లేనిచోట ముఖంతో, నిలబడే తీరుతో పాత్రను నిలిపేవారు. ప్రేక్షకులు మొదట్లో పెదవి విరిచినా ఆయన ఇంటి పొయ్యి ఆరేది కాదు. నాటకాల మీద వచ్చిన డబ్బు చాలావరకు ధర్మకార్యాలకు పోయేది. సహజ నటన అని ఈరోజు మెచ్చుకునే పద్ధతి తెలుగులో వేళ్లూనడానికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, బళ్లారి కోర్టులో ఆయనకు వచ్చిన ఫీజులూ అంతే కారణం. ఈ రెండో సగం ఎవరూ గట్టిగా చెప్పరు, కళకు డబ్బు వాసన అంటుతుందని కాబోలు.

ఆయన వేషాల జాబితా పెద్దది. ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, షాజహాన్. ఇంగ్లీషులో ఒథెల్లో, షైలాక్ లాంటివి. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ ఆడారు. వీటన్నింటిలో ఎక్కువ చెప్పుకునేది కోలాచలం వారి విజయనగర పతన నాటకంలో ఆయన వేసిన పఠాన్ రుస్తుం. వేదిక మీద ఆ పఠానును చూసి జనం ఉద్రేకపడేవారట. మతాల మధ్య గొడవలు రేగుతాయన్న భయంతో ప్రభుత్వం ఆ నాటకాన్ని ఆపించింది. 1876లో వచ్చిన నాటక ప్రదర్శనల చట్టం అందుకు ఆయుధం. రాసినవాడు ప్లీడరు, ఆడినవాడు ప్లీడరు. చట్టం ఎక్కడ కరుస్తుందో ఇద్దరికీ తెలియని సంగతి కాదు, అయినా కరిచింది.

ఆడవేషాల విషయంలో ఆయన పట్టుదల మరో మెట్టు. సభల నాటకాల్లో మగవాళ్లే ఆడవేషాలు వేయడం ఆనవాయితీ. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని రాఘవ పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను వేదిక మీదకు తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన దగ్గర తయారైన నటే. సురభి వాళ్లు అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తూనే ఉన్నారు, ఎవరూ దాన్ని సంస్కరణ అనలేదు. రావుబహదూర్ పక్కన ఒక గృహిణి నిలబడి నటిస్తే అది సంస్కరణ అయింది. మర్యాద అనేది ఎలా పనిచేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు. దాన్ని మంచి పనికి వాడుకున్నందుకు మాత్రం రాఘవను మెచ్చుకోవాలి.

1930 ప్రాంతంలో ఆయన చేపట్టిన 'తప్పెవరిది' నాటకం రాసింది కూడా న్యాయవాదే, పి.వి. రాజమన్నార్. రాజులూ రాక్షసులూ లేకుండా, ఇంట్లో భార్యాభర్తల మధ్య జరిగే కథ. రాజమన్నార్ 1948 నుంచి 1961 దాకా మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1953లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడు. ధర్మవరం నుంచి రాజమన్నార్ దాకా చూస్తే పౌరాణికం, విషాదాంతం, చారిత్రకం, సాంఘికం, తెలుగు నాటకం వేసిన ప్రతి పెద్ద అడుగులోనూ ఒక వకీలు కనిపిస్తాడు. అంతకుముందు 1928లో రాఘవ ఇంగ్లాండు వెళ్లి అక్కడి రంగస్థలాన్ని చూశారు, బెర్నార్డ్ షాను కలిశారు. ఆ ప్రయాణం మీద కథలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఆయన గొప్పతనం తెలియడానికి వాటి అవసరం లేదు.

ఇక చిక్కుల సంగతి. వృత్తి వేరే ఉన్నవాడు నాటకాన్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చగలడు కానీ, తన తర్వాత నిలిచే సంస్థను కట్టడానికి అతనికి పూర్తి సమయం ఉండదు. సురభి వాళ్లు ఎన్ని కష్టాలు పడ్డా తరాలు దాటి వచ్చారు, ఇప్పటికీ తెర లేపుతున్నారు. సరసవినోదిని, సుమనోరమ ఇప్పుడు పేర్లుగానే మిగిలాయి. రాఘవ నటన నేర్చుకోవాలంటే ఆయన చుట్టూ తిరగడమే తప్ప చేరడానికి బడి లేదు. వకీలు పోతే ఆఫీసు కట్టలు జూనియరుకు పోతాయి. నటుడు పోతే అలా అప్పజెప్పి వెళ్లడానికి ఏమీ ఉండదు.

ఆ లోటు సినిమా తీర్చి ఉండాల్సింది. తీర్చలేదు. మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే. హెచ్.ఎం. రెడ్డి దాన్ని బొంబాయిలో తీశారు, 1932లో విడుదలైంది. హిరణ్యకశిపుడిగా రంగస్థలాన్ని అదరగొట్టిన రాఘవ, నాటకకర్తకు స్వయానా మేనల్లుడు, అందులో లేరు. ఆ వేషం మునిపల్లె సుబ్బయ్య వేశారు, లీలావతి సురభి కమలాబాయి. సురభి వాళ్లు ఆడుతున్న ప్రదర్శనను పట్టుకునే సినిమా తీశారు కాబట్టి అది సహజమే. కానీ అందులో మరో సూచన కూడా ఉంది. రాత్రి వేషం కట్టి పొద్దున కోర్టుకు వెళ్లడం కుదురుతుంది. వారాల తరబడి బొంబాయి స్టూడియోలో ఉండిపోవడం బళ్లారి ప్రాసిక్యూటరుకు కుదిరే పని కాదు. నాటకం తీరిక అడిగింది, సినిమా మనిషిని మొత్తంగా అడిగింది.

రాఘవ చేసినవి మొత్తం మూడు సినిమాలు. 'ద్రౌపదీ మానసంరక్షణం' నాటికి ఆయనకు యాభై ఆరేళ్లు. చివరిది 1940లో వచ్చిన 'చండిక'. మధ్యలో 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' మాత్రం విడిగా చెప్పుకోదగ్గది. అప్పుల్లో చిక్కిన రైతు నర్సిరెడ్డి, ఎన్నికల్లో జమీందారు మనిషిని కాదని రైతు పక్షానికి ఓటు వేసి వేధింపులకు గురయ్యే కథ. ఆ పాత్ర రాఘవది. రాజులకూ చక్రవర్తులకూ అలవాటుపడ్డ నటుడు, సర్కారు వకీలుగా పనిచేసిన మనిషి, మోకాళ్ల పైకి పంచె కట్టే రైతుగా కనిపించారు. సినిమా తీయడానికి డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు కావడం ఇంకో తమాషా. మిగతా జమీందార్లకు తమాషాగా అనిపించలేదు. వాళ్ల ఒత్తిడితో కొన్నిచోట్ల ప్రదర్శన ఆగిపోయింది.

ఈ సినిమాలో బాలనటి టంగుటూరి సూర్యకుమారి. ఆమె టంగుటూరి ప్రకాశం పంతులుకు తమ్ముడి కూతురు. ప్రకాశం గారిని ఇక్కడ తలచుకోవడం చుట్టరికం కోసం కాదు. నటుడు వకీలు కావడమంటే ఆయన దారే అసలైన ఉదాహరణ. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన పిల్లవాడు, మిషన్ స్కూలు మాస్టరు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేరదీస్తే ఆయన నాటకాల్లో వేషాలు కట్టాడు, ఆడవేషాలతో సహా. మాస్టారితో పాటే రాజమండ్రి చేరాడు. నాటకం అతనికి చదువు సంపాదించిపెట్టింది, చదువు సెకండ్ గ్రేడ్ ప్లీడరీ ఇచ్చింది. ఆ పట్టాతో హైకోర్టు గడప ఎక్కలేరు కాబట్టి ఇంగ్లాండు వెళ్లి బారిస్టరై తిరిగివచ్చి మద్రాసులో పెద్ద ప్రాక్టీసు పెంచుకున్నారు. సహాయ నిరాకరణ రోజుల్లో 1921లో దాన్నీ వదిలేశారు.

ఒకే కాలం, ఒకే వృత్తి, ఎదురెదురు దారులు. రాఘవకు ప్లీడరీ నాటకాన్ని నిలబెట్టే స్తోమత. ప్రకాశానికి నాటకం ప్లీడరీ దాకా చేర్చిన మెట్టు, ఎక్కాక మళ్లీ తిరిగి చూడలేదు. తేడా ఎక్కడుందంటే, పండితుడి కొడుకుకు, ప్రముఖ ప్లీడరు మేనల్లుడికి వేషం కట్టడం వల్ల పోయే పరువు లేదు. పూటకూళ్ల ఇంటి కుర్రాడికి ముందు పరువు సంపాదించుకోవాల్సి ఉంది. ప్రకాశం 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ రైతుల హక్కులపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, 1938లో రైతులకు అనుకూలంగా నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే 'రైతుబిడ్డ' వచ్చింది. చిన్నప్పుడు వేషాలు కట్టిన వకీలు సర్కారు కాగితాల మీద ఎత్తిన సమస్యనే, వకీలైన నటుడు తెర మీద పట్టుకున్నాడు.

1946 ఏప్రిల్ 16న రాఘవ బళ్లారిలో చనిపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లింది. తెలుగు నాటకానికి పుట్టిల్లులాంటి ఊరు రాష్ట్ర హద్దుకు అవతల పడింది. రాఘవ కళామందిరం అక్కడే ఉంది. 1981లో తపాలా శాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది.

ఆయన తర్వాతి తరంలో ఈ జోడు బతుకు నడిపినవారు తగ్గుతూ వచ్చారు. బి.ఎల్. చదివిన ముక్కామల కృష్ణమూర్తి మద్రాసు వెళ్లి పూర్తిగా సినిమా మనిషి అయిపోయారు, తెర మీద ప్రతినాయకుడిగా స్థిరపడ్డారు, సినిమాలు డైరెక్ట్ కూడా చేశారు. రెండు పడవల ప్రయాణం ఇక కుదరదని అర్థం చేసుకున్న తరం అది. బందా కనకలింగేశ్వరరావు మాత్రం మూడో దారి పట్టారు. ఏలూరులో ప్లీడరీ, 'చిత్రనళీయం'లో బాహుకుడి వేషం, 'సారంగధర', 'బాలనాగమ్మ' లాంటి సినిమాలు అన్నీ చేశాక ఆయన మనసు కూచిపూడి మీదకు మళ్లింది. ఆ ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం రావడం వెనక ఆయన కృషి ఉంది.

1950ల చివర్లో కూచిపూడికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్న చర్చ దేశస్థాయిలో నడిచినప్పుడు, దాని తరఫున గట్టిగా మాట్లాడినవారిలో బందా ఒకరు. ఆ చర్చలో కావాల్సింది మంచి డాన్సరు ఒక్కరే కాదు. నాట్యశాస్త్రం నుంచి ఆధారం చూపాలి, సంప్రదాయం ఎంత పాతదో నిరూపించాలి, ఎదుటివాళ్ల అభ్యంతరాలకు వరుసగా జవాబు చెప్పాలి. రాఘవ తన ఫీజులతో నాటకాన్ని పోషిస్తే, బందా తన వాదనతో ఒక కళకు వకాల్తా పుచ్చుకున్నారు. అందుకు ఫీజు ఇచ్చే క్లయింటు మాత్రం ఎవరూ లేరు.